బిల్లు అడుగున ‘కోయంబత్తూరు జ్యూరిస్‌డిక్షన్’ అని ఉంటే తెనాలిలో కేసు వేయలేమా?

తెనాలి_గానుగ | శనివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మాది తెనాలి పక్కన పల్లెటూరు. పోయిన ఏడాది వేరుశనగ, నువ్వుల నూనె తీసే మెషిన్ ఒకటి కోయంబత్తూరు కంపెనీ దగ్గర కొన్నాను. ధర 9 లక్షలు. సగం అడ్వాన్సు ఇక్కడి బ్యాంకు నుంచే ఆర్టీజీఎస్ చేశాను, మిగతా సగం మెషిన్ దిగాక ఇచ్చాను. వాళ్ల మెకానిక్కే వచ్చి బిగించి వెళ్లాడు. వారంటీలో ఉండగానే గేర్‌బాక్స్ పోయింది. ఒకసారి వచ్చి ఏదో సర్ది వెళ్లారు, మళ్లీ పోయింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

లాయర్ నోటీసు పంపితే అటునుంచి జవాబు వచ్చింది. బిల్లు అడుగున ‘సబ్జెక్ట్ టు కోయంబత్తూరు జ్యూరిస్‌డిక్షన్’ అని అచ్చేసి ఉందట, ఏ గొడవైనా అక్కడే తేల్చుకోవాలట. చీమ తలకాయంత అక్షరాలు, ఆ లైను నేను అప్పుడు చూడనే లేదు.

మెషిన్ ఉన్నది ఇక్కడ, పాడైంది ఇక్కడ, చూసినవాళ్లు ఇక్కడ. వాయిదా వాయిదాకీ అంత దూరం వెళ్లడం నా వల్ల కాదు. కోర్టు ఇవన్నీ చూసి ఎవరికి ఏది అనుకూలమో ఆలోచించి చెబుతుందా, లేక ఆ ఒక్క లైనే చెల్లుతుందా?

సణుగుడు_సత్యం | 7:34

అనుకూలమా? కోర్టులో ఎవరికి ఏది అనుకూలంగా ఉంటుంది సార్. కాగితం మీద ఏది ఉంటే అదే. 9 లక్షలు మర్చిపోండి.

సబ్‌కోర్టు_శాస్త్రి | 8:15

సత్యం గారూ, పొద్దున్నే ఆయన్ని భయపెట్టకండి.

గానుగ గారూ, మీ ప్రశ్నకి ముందు ఒక విషయం తేల్చుకుందాం. ‘ఎవరికి అనుకూలం’ అన్న ప్రశ్న మన సివిల్ కోర్టు మొదట వేసుకోదు. ‘ఈ దావా వినే అధికారం నాకు ఉందా’ అన్నదే మొదటి ప్రశ్న. దానికి జవాబు జడ్జిగారి మనసులో ఉండదు, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 15 నుంచి 20 దాకా ఉన్న సెక్షన్లలో ఉంటుంది. అధికారం ఉన్న కోర్టులు ఒకటికి మించి ఉన్నప్పుడే అనుకూలం మాట వస్తుంది. అప్పుడు కూడా వాటిలో ఏ గడప ఎక్కాలో ఎంచుకునే హక్కు ముందు వాదిది, అంటే మీది.

మీలాంటి డబ్బు వ్యవహారానికి సెక్షన్ 20 వర్తిస్తుంది. ప్రతివాది నివాసం ఉండే చోటు, లేదా వ్యాపారం చేసే చోటు, లేదా వ్యాజ్య కారణం (దావాకి దారితీసిన సంగతులు) పూర్తిగా గానీ కొంత గానీ పుట్టిన చోటు. ఆ ‘కొంత గానీ’ అన్న రెండు మాటలే మీకు ప్రాణం. ఒప్పందం ఎక్కడ కుదిరింది, సరుకు ఎక్కడ దిగింది, డబ్బు ఎక్కడ చెల్లించాలి, ఒప్పందం ఎక్కడ తప్పారు - వీటిలో ఏ ఒక్కటి తెనాలిలో జరిగినా తెనాలి కోర్టుకి అధికారం ఉన్నట్టే. మెషిన్ బిగించి నడిపించి చూపడం కూడా ఒప్పందంలో భాగమే అయితే, ఆ పని జరిగింది మీ షెడ్డులో. అలాగే కోయంబత్తూరుకీ అధికారం ఉంది, కంపెనీ అక్కడ ఉంది కాబట్టి.

రెండు కోర్టులు ఉన్నాయి. ఇప్పుడు ఆ బిల్లు లైను ఏం చేస్తుందో చూడాలి. ముందు చెప్పండి, ఆర్డర్ ఎలా ఇచ్చారు? ఫోన్‌లోనా, మనిషి వచ్చాడా, కాగితం మీద సంతకం పెట్టారా?

తెనాలి_గానుగ | 8:52

శాస్త్రి గారూ, ధన్యవాదాలు. ముందు వాట్సాప్‌లో కొటేషన్ పంపారు. నేను ఫోన్ చేసి, ఇంత రేటుకైతే తీసుకుంటానని చెప్పాను. లైన్లో ఉండగానే వాళ్ల మేనేజర్‌ని అడిగి ‘సరే సార్, ఓకే’ అన్నారు. అగ్రిమెంట్ అంటూ ఏమీ లేదు. బిల్లు మెషిన్‌తో పాటు లారీలో వచ్చింది. దిగినప్పుడు చలాన్ మీద సంతకం పెట్టాను, బిల్లు మీద పెట్టలేదు.

ఓరుగల్లు_అనిత | 9:20

శాస్త్రి గారూ, ఇది అచ్చం భగవాన్‌దాస్ కేడియా కేసు కదా! (నేను జూనియర్ అడ్వొకేట్‌ని, హన్మకొండ.)

గానుగ గారూ, 1966లో సుప్రీంకోర్టు తీర్పు ఇది. అహ్మదాబాద్ వ్యాపారి ట్రంకాల్‌లో ఖామ్‌గావ్‌లోని జిన్నింగ్ ఆయిల్ మిల్లు వాళ్లతో పత్తిగింజల చెక్క బేరం ఆడాడు. వాళ్లు ఫోన్‌లోనే ఒప్పుకున్నారు, తర్వాత సరుకు ఇవ్వలేదు. ఒప్పందం ఎక్కడ కుదిరింది? ‘సరే’ అన్న మాట పలికిన ఖామ్‌గావ్‌లోనా, అది వినిపించిన అహ్మదాబాద్‌లోనా? వినిపించిన చోటే అని మెజారిటీ తీర్పు. జస్టిస్ హిదయతుల్లా మాత్రం ఒప్పుకోలేదు, ఉత్తరంతో ఒప్పుకుంటే అది పోస్టు చేసిన చోటే ఒప్పందం కుదిరినట్టు అన్న నియమమే ఫోన్‌కీ వర్తించాలన్నారు.

మీ కథలో రేటు చెప్పి అడిగింది మీరు, ‘ఓకే’ అన్నది వాళ్లు, అది మీ చెవిన పడింది తెనాలిలో. కాబట్టి ఒప్పందమే తెనాలిలో కుదిరిందని వాదించవచ్చు. పైగా మీదీ నూనె వ్యాపారమే!

సణుగుడు_సత్యం | 9:31

1966 కేసు. మేడమ్, అప్పుడు ట్రంకాల్ బుక్ చేసి గంట కూర్చునేవాళ్లు.

ఓరుగల్లు_అనిత | 9:40

ఫోన్ మారింది, సూత్రం మారలేదు సార్. నేటికీ ఆ తీర్పునే చూపిస్తారు. ఈమెయిల్, మెసేజ్ లాంటి వాటికి ఐటీ చట్టం సెక్షన్ 13 ఉంది. పంపినవాడి వ్యాపార స్థలం నుంచి పంపినట్టు, అందుకున్నవాడి వ్యాపార స్థలంలో అందినట్టు లెక్క. మీరు గోవా బీచ్‌లో కూర్చుని మెయిల్ చదివినంత మాత్రాన గోవా కోర్టుకి అధికారం రాదు.

సబ్‌కోర్టు_శాస్త్రి | 10:45

అనిత గారు సరిగ్గా పట్టుకున్నారు. ఇక ఆ లైను సంగతి.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పులు వరసగా ఉన్నాయి, వరసలోనే చదవాలి. మధ్యలో ఒకటి పట్టుకుంటే తప్పుదారి పడతాం. 1971లో హకమ్ సింగ్ వర్సెస్ గామన్ ఇండియా. వారణాసిలో దావా, ఒప్పందంలో బొంబాయి కోర్టు అని ఉంది. చట్టప్రకారం రెండు కోర్టులకు అధికారం ఉంటే ఇద్దరూ కూర్చుని ఒకదాన్ని ఎంచుకోవచ్చు, అది చెల్లుతుంది అన్నారు. కానీ అధికారమే లేని కోర్టుకి పార్టీలు కాగితం రాసుకుని అధికారం కట్టబెట్టలేరు. రెండో మాట గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

1989లో ఏబీసీ లామినార్ట్ కేసు. గుజరాత్ కంపెనీ, సేలం వ్యాపారి. కాగితం మీద ‘కైరా జ్యూరిస్‌డిక్షన్‌కు లోబడి’ అని ఉంది. సేలంలో వేసిన దావా చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. కైరా ‘మాత్రమే’ అని లేదు, మిగతా కోర్టులను మూసేసే మాట లేదు అన్నది కారణం. అప్పటినుంచి ఊళ్లలో ప్రతి ప్లీడరూ బిల్లు చేతికి రాగానే ‘ఓన్లీ’ ఉందా లేదా అని వెతకడం మొదలుపెట్టాం.

2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసు వచ్చి ఆ వెతుకులాటకి చాలావరకు తెర దించింది. అందులో ఒప్పందం కోల్‌కతా కోర్టులకు లోబడి ఉంటుందని రాసుకున్నారు, ‘ఓన్లీ’ లేదు. ఐనా కోల్‌కతానే అన్నారు. ఒక ఊరి పేరు ప్రత్యేకంగా రాసుకున్నారంటే మిగతావి వద్దనుకున్నట్టే, పార్టీల ఉద్దేశం అదే అని.

గానుగ గారూ, అందుకని ఎవరైనా మీకు ‘ఓన్లీ అని లేదు కదా, కంగారు పడకండి’ అని చెబితే 2013 దగ్గర ఆగి ఆలోచించండి.

తెనాలి_గానుగ | 11:02

అంటే నాకు దారి లేనట్టేనా? టెన్షన్ మళ్లీ మొదలైంది.

సబ్‌కోర్టు_శాస్త్రి | 11:30

లేదని ఎవరన్నారు? ఆ తీర్పులన్నిటికీ పునాది ఇద్దరూ ఒప్పుకున్న ఒప్పందం. మీరు ఫోన్‌లో ఒప్పుకున్నప్పుడు కోయంబత్తూరు కోర్టు ప్రస్తావన వచ్చిందా? రాలేదు. అడ్వాన్సు కట్టాక, ఒప్పందం ముగిశాక, లారీలో వచ్చిన కాగితం అడుగున అచ్చు ఉంది. బేరం కుదిరిన తర్వాత ఒక పక్షం తనకు తాను చేర్చుకున్న షరతుకి నా సమ్మతి లేదని మీ వాదన. కొటేషన్‌లోనే ఆ షరతు ఉందని, చూసే కొన్నారని వాళ్ల వాదన కావచ్చు. అందుకని ఆ వాట్సాప్ కొటేషన్ పీడీఎఫ్ చివరి పేజీ దాకా తీసి చదవండి. దాని మీద చాలా ఆధారపడి ఉంది.

ఇంకో ప్రశ్న. వాళ్లకి ఆంధ్రలో ఎక్కడైనా బ్రాంచి ఉందా? బిల్లు మీద ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉందా, లేక ‘అండ్ కో’ లాంటిదా?

తెనాలి_గానుగ | 12:15

కొటేషన్ ఇప్పుడే చూశాను. రెండు పేజీలు. రేటు, జీఎస్టీ, వారంటీ, డెలివరీ గడువు ఉన్నాయి. కోర్టు మాట ఎక్కడా లేదు!

ప్రైవేట్ లిమిటెడే. విజయవాడలో ఆఫీసు ఉంది, అడ్వాన్సుకి రసీదు ఆ ఆఫీసు నుంచే పంపారు.

సబ్‌కోర్టు_శాస్త్రి | 2:05

భోజనం చేసి వచ్చాను. బాగుంది, ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కేసు చెబుతాను. పటేల్ రోడ్‌వేస్ వర్సెస్ ప్రసాద్ ట్రేడింగ్, 1991.

తమిళనాడులో బోడినాయకనూరు ఏలకులకి పెట్టింది పేరు. అక్కడి వ్యాపారి ఒకరు ట్రాన్స్‌పోర్టు కంపెనీ లోకల్ బ్రాంచిలో ఏలకుల మూటలు ఢిల్లీకి బుక్ చేశారు. ఢిల్లీ గోడౌన్‌లో నిప్పంటుకుని సరుకు పోయింది. ఆయన తమ ప్రాంతం కోర్టులోనే దావా వేశారు. కంపెనీ ‘మా హెడ్డాఫీసు బొంబాయి, రసీదు మీద బొంబాయి కోర్టు అని ఉంది’ అంది.

సెక్షన్ 20 కింద ఒక వివరణ ఉంది. కంపెనీ అంటే దాని ప్రధాన కార్యాలయం ఉన్న చోట వ్యాపారం చేస్తున్నట్టు లెక్క, అయితే వ్యాజ్య కారణం పుట్టిన చోట దానికి బ్రాంచి కూడా ఉంటే ఆ బ్రాంచి ఉన్న చోటే వ్యాపారం చేస్తున్నట్టు లెక్క. చట్టంలో ఈ రెండింటి మధ్య ‘లేదా’ అన్నారు గానీ ‘మరియు’ అనలేదు. కాబట్టి బ్రాంచి ఉన్నచోటే బుకింగ్ జరిగినప్పుడు హెడ్డాఫీసు ఉందన్న కారణంతో బొంబాయికి అధికారం రాదు. బుకింగ్, మంటలు ఏవీ బొంబాయిలో జరగలేదు కనుక వ్యాజ్య కారణం కూడా అక్కడ లేదు. అధికారమే లేని కోర్టుని ఎంచుకున్నా చెల్లదు. పొద్దున్న గుర్తుపెట్టుకోమన్న హకమ్ సింగ్ రెండో మాట ఇక్కడ పని చేసింది.

మీ కేసుకి అది అచ్చుగుద్దినట్టు సరిపోదు, ముందే చెబుతున్నా. మీ మెషిన్ తయారై లారీ ఎక్కింది కోయంబత్తూరులో, డబ్బు చేరింది వాళ్ల ఖాతాలో. వ్యాజ్య కారణంలో కొంత అక్కడ కూడా పుట్టిందని వాళ్లు అంటారు, ఆ మాటకి బలం ఉంది. కాబట్టి మీ మొదటి ఆయుధం ‘నేను ఆ షరతుకి ఒప్పుకోలేదు’ అన్నదే. విజయవాడ బ్రాంచి తోడు మాత్రమే.

మధిర_రైతుబిడ్డ | 3:20

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మాదీ ఇలాంటి సమస్యే. నాన్నగారు పోయాక ఆస్తి పంపకాలు. పొలం మధిర దగ్గర, ఖమ్మం జిల్లా. ఇల్లు విజయవాడలో. అన్నదమ్ములం, అక్క అందరం ఉండేది హైదరాబాద్‌లోనే. పార్టిషన్ దావా హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో వేసేస్తే అందరికీ దగ్గర కదా? అన్నయ్య కూడా అక్కడే వేసుకుందాం, తనకి అభ్యంతరం లేదంటున్నాడు.

ఓరుగల్లు_అనిత | 3:48

కుదరదు అన్నా. అందరూ ఒప్పుకున్నా సరే కుదరదు. స్థిరాస్తికి సెక్షన్ 16. భూమి ఎక్కడుంటే కోర్టు అక్కడే. మీది రెండు చోట్ల ఉంది కాబట్టి సెక్షన్ 17 వస్తుంది. మధిర పొలం మీద అధికారం ఉన్న కోర్టులో వేసి, విజయవాడ ఇంటిని కూడా అందులోనే కలపొచ్చు. లేదా అటునుంచి ఇటు. రాష్ట్రాలు వేరైనా ఫర్వాలేదు, సెక్షన్ 17కి రాష్ట్ర సరిహద్దు అడ్డం కాదు. అప్పీలు మాత్రం మీరు ఎంచుకున్న కోర్టుని బట్టి తెలంగాణ హైకోర్టుకో, ఆంధ్ర హైకోర్టుకో వెళ్తుంది.

ప్రతివాదులు హైదరాబాద్‌లో ఉన్నారన్నది ఇక్కడ పనికిరాదు.

మధిర_రైతుబిడ్డ | 3:55

మరి అన్నయ్య కోర్టులో అభ్యంతరం చెప్పకపోతే? ఎవరూ అడగకపోతే జడ్జిగారికి ఏం పోయింది?

సబ్‌కోర్టు_శాస్త్రి | 4:30

ఇది మంచి ప్రశ్న. మామూలు డబ్బు దావాలో ప్రతివాది మొదట్లోనే అభ్యంతరం చెప్పాలి, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారయ్యేలోపు. చెప్పకుండా ఊరుకుని, ఓడిపోయాక అప్పీల్లో ‘అసలు ఆ కోర్టుకి అధికారం లేదు’ అంటే సెక్షన్ 21 ఒప్పుకోదు. దాని వల్ల తీర్పులో నిజంగా అన్యాయం జరిగిందని కూడా చూపించాలి. కిరణ్ సింగ్ వర్సెస్ చమన్ పాస్వాన్, 1954 నుంచీ ఉన్న సంగతే.

కానీ భూమి విషయంలో హర్షద్ చిమన్‌లాల్ మోదీ వర్సెస్ డీఎల్ఎఫ్ తీర్పు (2005) చదవండి. ప్లాటు గుర్‌గావ్‌లో, ఒప్పందం, ఆఫీసు ఢిల్లీలో. ఢిల్లీలో దావా వేశారు. కంపెనీ ముందు ఒప్పుకుని, దావా చాలా ఏళ్లు నడిచాక అభ్యంతరం తెచ్చింది. సుప్రీంకోర్టు ఆలస్యం సంగతి పక్కనపెట్టి, భూమి లేనిచోట ఉన్న కోర్టుకి సమ్మతితో అధికారం రాదు, డిక్రీ ఇచ్చినా చెల్లదు అంది. ప్రతివాది చేత ఒక పని చేయిస్తే సరిపోయే కేసులకి సెక్షన్ 16లో చిన్న మినహాయింపు ఉంది గానీ, పొలం కొలిచి పంచి స్వాధీనం ఇప్పించాల్సిన దావాకి అది అక్కరకు రాదు.

పదేళ్లు నడిపి చేతిలో చెల్లని కాగితంతో మిగలడం దేనికి? అన్నయ్య అంత సుముఖంగా ఉంటే దావా ఎందుకసలు, కూర్చుని పార్టిషన్ డీడ్ రాసుకుని రిజిస్టర్ చేయించుకోండి.

సణుగుడు_సత్యం | 4:41

సుముఖంగా ఉంటే ఇక్కడికి ఎందుకు వస్తాడు శాస్త్రి గారూ.

వేదిక_నిర్వాహకులు | 4:50

సభ్యులకు మనవి: ఎదుటి కంపెనీల పేర్లు, బంధువుల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకండి. మధిర గారి ప్రశ్న దీనికి దగ్గరిదే కాబట్టి ఇక్కడే ఉంచుతున్నాం.

డల్లాస్_బాబాయ్ | శనివారం, రాత్రి 9:15

మాకు తెల్లారింది, ఇప్పుడే చదివాను. గానుగ గారు మొదట అడిగిన మాట ఉంది చూశారా, కోర్టు అన్నీ తూచి ఏది అనుకూలమో చెబుతుందా అని - అచ్చం అలా తూచే పద్ధతి అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉంది. ఫోరమ్ నాన్ కన్వీనియెన్స్ అంటారు. తనకు అధికారం ఉన్నా సరే, ఇంతకంటే తగిన కోర్టు వేరే దేశంలో ఉందని జడ్జి కేసు వదిలేసుకోవచ్చు. అమెరికాలో 1947 గల్ఫ్ ఆయిల్ కేసు, 1981 పైపర్ విమానం కేసు దీనికి మూలం. ఇంగ్లండ్‌లో 1986 స్పిలియాడా.

అది బాధితులకి మంచిదే అనుకోకండి. మన దేశం దీన్ని ఎక్కడ చవిచూసిందో తెలుసా? భోపాల్‌లో.

1984 డిసెంబరు 2 రాత్రి గ్యాస్ లీకైంది. కొద్ది రోజుల్లోనే అమెరికా లాయర్లు దిగి అక్కడ దావాలు వేశారు. అన్నీ కలిపి న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో జడ్జి కీనన్ ముందుకి వచ్చాయి, దాదాపు 145. మన పార్లమెంటు 1985లో చట్టం చేసి బాధితులందరి తరఫున కేంద్ర ప్రభుత్వమే నిలబడేలా చేసింది. ఆ ప్రభుత్వమే న్యూయార్క్ వెళ్లి ‘మా కోర్టులు ఇంత పెద్ద కేసుని మోయలేవు, ఇక్కడే వినండి’ అంది. ప్లాంటు వెనకున్న అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ ఏమో ‘భారత కోర్టులు భేషుగ్గా ఉన్నాయి, అక్కడికే పంపండి’ అంది. ఆ మాట చెబుతూ మన దేశంలో పేరుమోసిన లాయర్ నానీ పాల్కీవాలా కంపెనీ తరఫున అఫిడవిట్ ఇచ్చారు. ఎవరు ఏ పక్షాన నిలబడ్డారో చూడండి!

1986 మేలో కీనన్ తూచారు. సాక్షులు ఎక్కడ? భోపాల్‌లో. ప్లాంటు, దాని రికార్డులు ఎక్కడ? భోపాల్‌లో. చాలామంది సాక్షులకి ఇంగ్లిషు రాదు. ఏ దేశ చట్టం వర్తించాలి? భారత చట్టం. ఈ ప్రమాదంతో ఎక్కువ సంబంధం ఏ దేశ ప్రజలకి? ఇవన్నీ చెప్పి కేసు పంపేశారు. భారత కోర్టుల మీద నమ్మకం లేనట్టు ఇక్కడే విచారిస్తే అది మరో రకం సామ్రాజ్యవాదం అవుతుందని కూడా అన్నారు. కంపెనీ భారత కోర్టుల అధికారానికి ఒప్పుకోవాలి, కాలదోషం (గడువు దాటిందన్న) వాదన తేకూడదు అని షరతులు పెట్టారు. 1987లో అప్పీలు కోర్టు దీన్ని ఖాయం చేసింది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దగ్గర 47 కోట్ల డాలర్లకి రాజీ.

పేపరు మీద ప్రతి అంశమూ భోపాల్ వైపే మొగ్గింది, తర్కం తప్పని నేను అనలేను. కానీ అమెరికా జ్యూరీ ఇచ్చే నష్టపరిహారం అంటే కంపెనీకి ఉన్న భయం మొత్తం ఆ ఒక్క ఉత్తర్వుతో పోయింది. ఏ కోర్టు అన్నది తేలగానే కేసు విలువ కూడా సగం తేలిపోతుంది. ఆ కోయంబత్తూరు కంపెనీ ఒక్క లైను కోసం అంత పట్టుబట్టేది అందుకే.

ఓరుగల్లు_అనిత | ఆదివారం, ఉదయం 8:05

బాబాయ్ గారూ, భోపాల్ సంగతి ఇంత వివరంగా ఇప్పుడే చదివాను. కాలేజీలో ఒక పేరాతో దాటేశారు.

మన దగ్గర దేశంలోపలి దావాలకి అలా తూచి వదిలేసుకునే అధికారం సివిల్ జడ్జికి లేదు. సెక్షన్ 20 కింద అధికారం ఉంటే వినాల్సిందే. తూచడం జరిగేది బదిలీ పిటిషన్‌లో. ఒకే హైకోర్టు కింద ఉన్న కోర్టుల మధ్య సెక్షన్ 24, రాష్ట్రాల మధ్య అయితే సెక్షన్ 25 కింద సుప్రీంకోర్టు.

దీనివల్ల మన తెలుగువాళ్లకి ఒక విచిత్రం జరిగింది. ఒకప్పుడు భార్య విజయవాడలో, భర్త హైదరాబాద్‌లో ఉంటే విడాకుల కేసు బదిలీకి హైకోర్టులో పిటిషన్ సరిపోయేది. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు వేరయ్యాయి. ఇప్పుడు ఈ నాలుగైదు గంటల బస్సు ప్రయాణం తప్పించుకోవడానికి ఢిల్లీలో పిటిషన్ వేయాలి!

అక్కడ నిజంగానే అనుకూలం చూస్తారు. ఆదాయం, చంటిపిల్లలు, తోడు వచ్చేవాళ్లు ఉన్నారా లేదా. 2022లో ఎన్.సి.వి. ఐశ్వర్య కేసులో సుప్రీంకోర్టు, భార్యాభర్తల ఆర్థిక స్థితి, జీవన స్థాయి లాంటివి చూసి సాధారణంగా భార్య సౌకర్యం వైపే మొగ్గాలని చెప్పింది. నిజానికి 2003లో హిందూ వివాహ చట్టం సెక్షన్ 19ని సవరించి, పిటిషన్ వేసేది భార్య అయితే తను ఉంటున్న చోటే వేసుకోవచ్చని చేర్చారు. చాలామంది ఆడవాళ్లకి ఇది తెలియక పెళ్లయిన ఊరికి పరిగెడతారు.

డల్లాస్_బాబాయ్ | ఆదివారం, ఉదయం 8:40

పెళ్లిళ్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడి మనవాళ్లకి ఒక్క ముక్క. అమెరికా కోర్టు విడాకులిస్తే ఇండియాలో ఐపోయినట్టే అనుకుంటారు. 1991 నరసింహారావు వర్సెస్ వెంకటలక్ష్మి తీర్పు చూడండి. తిరుపతిలో జరిగిన పెళ్లి, మిస్సోరీ కోర్టు విడాకులు. సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇవ్వాలి. లేదంటే ఎదుటివాళ్లు స్వచ్ఛందంగా ఆ కోర్టు ముందుకొచ్చి పోరాడి ఉండాలి, లేదా విడాకులకు సమ్మతించి ఉండాలి. ఇక పడుకుంటాను.

బెంగళూరు_బాండ్ | ఆదివారం, 11:10

నాదొక చిన్న డౌట్. ఆఫర్ లెటర్‌లో ‘కోర్ట్స్ ఎట్ ముంబయి ఓన్లీ’ అని ఉంది. నేను పని చేసింది హైదరాబాద్‌లో. తీసేశారు. ఉద్యోగికి బేరమాడే శక్తి ఉండదు కదా, అలాంటి షరతు చెల్లుతుందా?

ఓరుగల్లు_అనిత | 11:32

2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సరిగ్గా దీని మీదే చెప్పింది, రాకేష్ కుమార్ వర్మ వర్సెస్ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్. ముంబయి షరతు చెల్లుతుందంది. బలవంతుడు, బలహీనుడు అన్న తేడా ఒప్పంద చట్టం చూడదు అన్నారు. ఎంచుకున్న కోర్టుకి చట్టప్రకారం ఎలాగూ అధికారం ఉండాలి, కోర్టుకే వెళ్లకుండా అడ్డుకునే షరతు కాకూడదు, మిగతా కోర్టులు వద్దన్న సంగతి స్పష్టంగానో సూచనగానో తెలియాలి - ఇవి ఉంటే చాలు.

మీరు సంతకం పెట్టారు, గానుగ గారు పెట్టలేదు. తేడా అక్కడే.

సబ్‌కోర్టు_శాస్త్రి | ఆదివారం, సాయంత్రం 5:20

గానుగ గారూ, రాత్రంతా మీ కేసే ఆలోచించాను. సివిల్ దావా గురించే మాట్లాడుకుంటున్నాం గానీ ఇంకో గుమ్మం ఉంది. ఆ మెషిన్ మీరే నడుపుతారా, పనివాళ్లతో నడిపిస్తారా?

తెనాలి_గానుగ | 5:45

నేనూ, మా ఆవిడా. గింజలు ఎత్తడానికి ఒక కుర్రాడు వస్తాడు. ఇదే మా బతుకుదెరువు.

సబ్‌కోర్టు_శాస్త్రి | 6:30

అయితే వినండి. వ్యాపారానికి కొన్న వస్తువు మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేరు. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నదైతే వెళ్లొచ్చు. 1995 లక్ష్మీ ఇంజనీరింగ్ తీర్పులో, కొన్నవాడు తనే నడుపుతూ సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా వినియోగదారుడే అన్నారు.

2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే, లేదా పని చేసుకునే చోటే ఫిర్యాదు వేయొచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. అధికారం చట్టమే నేరుగా మీ ఇంటి చిరునామాని బట్టి ఇచ్చినప్పుడు, బిల్లు అడుగున అచ్చేసిన ఊరి పేరుతో దాన్ని లాగేసుకోవడం కష్టం. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్, అంటే గుంటూరు. నష్టపరిహారం ఎంత అడిగినా, ఏ స్థాయి కమిషన్ అన్నది చెల్లించిన ధరని బట్టే. 5 నుంచి 10 లక్షల మధ్య ధరకి ఫీజు 200 రూపాయలు. గడువు రెండేళ్లు, ఆలస్యం చేయకండి.

సివిల్ వైపు వెళ్తే ఇది 3 లక్షలు దాటిన వ్యాపార వివాదం కాబట్టి కమర్షియల్ కోర్టు అనే వీలుంది. అప్పుడు అత్యవసర ఉత్తర్వు అడగని దావాకి ముందు మీడియేషన్ తప్పనిసరి, 2022 పాటిల్ ఆటోమేషన్ తీర్పు తర్వాత అది లేకుండా వేస్తే దావాని తిరస్కరిస్తారు.

సణుగుడు_సత్యం | 6:44

గుంటూరులో గెలిచి, డబ్బు కోయంబత్తూరులో ఉంటే?

సబ్‌కోర్టు_శాస్త్రి | 7:10

ఈసారి సత్యం గారిది అసలైన ప్రశ్న. సివిల్ డిక్రీ అయితే సెక్షన్ 39 కింద కోయంబత్తూరు కోర్టుకి బదిలీ చేయించి అక్కడ ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నడపాలి. కమిషన్ ఉత్తర్వుని కూడా డిక్రీలాగే అమలు చేయిస్తారు, ఉత్తర్వు ధిక్కరిస్తే శిక్ష వేసే అధికారం కూడా దానికి ఉంది. ఇక విజయవాడలో వాళ్ల ఆఫీసు ఉంది కదా, ముందు అటు చూడొచ్చు.

తెనాలి_గానుగ | సోమవారం, రాత్రి 8:25

మా లాయర్ గారికి ఇదంతా చదివి వినిపించాను. గుంటూరు కమిషన్‌కే వెళ్దామన్నారు. ఒకవేళ కమిషన్ ‘మీరు వినియోగదారుడు కాదు’ అంటే ఇంత కాలం వృథా అవుతుంది కదా అని నా భయం.

ఓరుగల్లు_అనిత | 8:50

అధికారం లేని చోట నిజాయితీగా పోరాడిన కాలాన్ని గడువులోంచి తీసేయమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద అడగొచ్చు. లక్ష్మీ ఇంజనీరింగ్ కేసులోనే, సివిల్ కోర్టుకి వెళ్తే కమిషన్ల ముందు గడిచిన కాలానికి ఈ సెక్షన్ ఊరట అడగొచ్చని చెప్పారు. సివిల్ దావాలో అయితే జడ్జిగారు ప్లెయింట్ (దావా పత్రం) తిరిగి ఇచ్చేస్తారు, సరైన కోర్టులో వేసుకుంటే విచారణ మళ్లీ మొదటినుంచే మొదలవుతుంది. 2020 ఎక్సెల్ కెరియర్స్ తీర్పు అదే చెప్పింది. గడువు దొరుకుతుంది గానీ అప్పటిదాకా చెప్పించిన సాక్ష్యం దొరకదు.

సబ్‌కోర్టు_శాస్త్రి | 9:15

ఫిర్యాదులో మొదటి పేజీలోనే రాయించండి: మెషిన్ నేనూ నా భార్యా నడుపుతాం, ఇది తప్ప వేరే ఆదాయం లేదు, నివాసం గుంటూరు జిల్లా, ఒప్పందం ఫోన్‌లో కుదిరింది, కొటేషన్‌లో కోర్టు షరతు లేదు. అధికారం మీద వాదన వచ్చినప్పుడు ముందు చూసేది మీ ఫిర్యాదునే. కొటేషన్ వచ్చిన వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి.

తెనాలి_గానుగ | 9:22

అలాగే శాస్త్రి గారూ. ఈలోపు ఇక్కడి మెకానిక్‌తో గేర్‌బాక్స్ బాగు చేయించి నడుపుకుందామా అనుకుంటున్నాను, సీజన్ పోతోంది.

సబ్‌కోర్టు_శాస్త్రి | 9:24

వద్దు! లోపం తేల్చడానికి కమిషన్ దాన్ని నిపుణుల పరీక్షకి పంపాల్సి రావచ్చు. నట్టు కూడా విప్పించకండి.

సణుగుడు_సత్యం | 9:40

మా బావమరిదిది పొన్నూరులో గానుగ ఉంది. ఈ సీజన్‌కి గింజలు అక్కడ ఆడించుకోండి, నేను మాట్లాడతాను. మెసేజ్ పెట్టండి.